ఫోటోకు తీసిన ఫోటో

ఇది ఒక మహాగాథ. ఇందులో సామ్రాజ్యం ఉంది, మూడు సముద్రాలున్నాయి, ఒకే మగవాడి ఇద్దరు భార్యల సంతానం మధ్య తరాల తరబడి తెగని వివాదం ఉంది, అకాల మరణం ఉంది.

నిజం చెప్పాలంటే అవేవీ అంత సైజులో లేవు. అరచేతిలో పట్టే ఒక అట్టముక్క ఉంది. దుబాయ్ అల్ కుసైస్‌లో మందుల షాపుకీ లాండ్రీకీ మధ్య ఇరుక్కున్న మా దుకాణం ఉంది. ఆ ఇద్దరు భార్యలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఒకరు పోయాకే రెండో ఆవిడ వచ్చింది. సామ్రాజ్యం ఎప్పుడో మూతపడింది, కారణాలు నాకంటే మీకే బాగా తెలుసు.

మా దుకాణంలో రెండు పనులు జరుగుతాయి. పాత ఫోటోలు, కాగితాలు స్కాన్ చేసివ్వడం నా పని. ఫ్రేములు కట్టడం చాచా పని. చాచాది నెల్లూరు. నేను పుట్టకముందే దుబాయ్ వచ్చి, అప్పటినుంచీ అద్దాలు కోస్తున్నాడు. పదివేళ్ళూ ఉన్నాయి, అదే ఆయన సర్టిఫికెట్. ముదీర్, అంటే మా మేనేజరు, కేరళ ఆయన. రోజుకు రెండుసార్లు తలుపు తోసి, “యల్లా, ఖలాస్ హువా?” అని, పని అయిందో లేదో అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోతాడు. 

కరోనా ఏడాది మా దుకాణానికి వేరే పని తగిలింది. ఊళ్ళ నుంచి వాట్సాప్‌లో వీసా ఫోటోలు వచ్చేవి. తెల్లటి గోడ, కళ్ళు పెద్దవి చేసి కెమెరా వంక చూస్తున్న మనిషి, కింద ఒక వాయిస్ మెసేజ్. ఇంట్లో గోడకు పెట్టుకోవడానికి ఆయనది వేరే ఫోటో లేదనీ, దీన్నే పెద్దది చెయ్యమనీ, కుదిరితే కోటు వెయ్యమనీ. కోటు నా కంప్యూటర్లో ఉంది. నల్లది, నీలం టైతో. తలను జాగ్రత్తగా కత్తిరించి ఆ కోటు మీద కూర్చోబెట్టేవాణ్ణి. మెడ దగ్గర రంగు కలపడమే కష్టం. ఎండలో పనిచేసిన మెడలు ముఖాలకంటే రెండు ఛాయలు నల్లగా ఉంటాయి. నేను కోటు తొడిగిన వాళ్ళలో బతికుండగా కోటు వేసుకున్నవాడు బహుశా ఒక్కడూ లేడు.

ఆ తరవాత కొన్నాళ్ళు దుకాణం మూసేశారు. ఒక గదిలో ఆరుగురం. మిగతా అయిదుగురూ ఫోన్లో సీరియళ్ళు చూశారు. నేను విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు ఫోటోల వయసు కట్టడం నేర్చుకున్నాను. ఎందుకని అడక్కండి. మా దగ్గరికి స్కానింగుకు వచ్చే తెల్లవాళ్ళ పెట్టెల్లో అవి ఎక్కువగా ఉండేవి, గదిలో ఇంకేం చెయ్యాలో తెలియలేదు, అంతే. మొదట్లో వెండి పూసిన రాగిరేకు మీద తీసేవారు, అద్దంలా మెరిసేది, ఒక్కటే ప్రతి. తరవాత గాజుపలక వచ్చింది. ఆ తరవాత, పందొమ్మిదో శతాబ్దం అరవైల్లో, విజిటింగ్ కార్డు సైజు అట్టమీద కాగితం ఫోటోలు వచ్చి ఊరంతా పంచుకోవడం మొదలైంది. అట్ట పల్చగా ఉండి మూలలు సూటిగా ఉంటే తొలిరోజులది. మందంగా ఉండి మూలలు గుండ్రంగా కోసి ఉంటే తరవాతిది. వెనక ఫోటోగ్రాఫరు పేరు చిన్న అక్షరాల్లో ఉంటే పాతది, పూలూ లతలూ అల్లితే కొత్తది. ఇంత తెలిస్తే చాలు, గదిలో ఎవరూ మనతో మాట్లాడరు.

మేడమ్ మా దుకాణానికి వచ్చింది 2022లో, ఎండాకాలం ఇంకా పూర్తిగా దిగకముందు. డెబ్బై దాటిన ఇంగ్లీషావిడ. ఇక్కడే ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పింది, కొడుకు దగ్గరుంటోంది. బిస్కెట్ల డబ్బాలోంచి ఒక పొట్లం తీసి, అందులోంచి ఇంకో పొట్లం తీసి, అందులోంచి ఆ అట్టముక్క తీసింది. బంగారం షాపులో కూడా అన్ని పొరలు విప్పరు.

ఫోటోలో ఒక స్త్రీ. ముప్ఫైకి దగ్గర్లో ఉంటుంది. ఒడి వరకే ఉంది. జుట్టు నడినెత్తిన పాపిడి తీసి చెవులు మూసేలా కిందికి దువ్వారు. బిగుతు చేతుల రవిక, ముందు భాగం కోణంగా నడుము కిందికి దిగింది. ఒక చెయ్యి పుస్తకం మీద. ముఖంలో నవ్వన్నది లేదు.

మేడమ్ కథ చెప్పింది. ఫోటోలో ఉన్నది ఆవిడ ముత్తవ్వకు అమ్మ. పైకి అంతకు మించి వెళ్ళడానికి మన భాషలో చుట్టరికం పేరు దొరకదు. మన తద్దినాల్లో కూడా బ్రాహ్మడు మూడు తరాల దగ్గరే ఆగిపోతాడు. నా నాలుగో తరం ఆవిడ పేరు నన్నడిగితే నేనూ అక్కడే ఆగిపోతాను. ఈవిడ ముగ్గురు పిల్లల్ని కని, మూడో కాన్పు తరవాత పోయింది. భర్త కొన్నేళ్ళకు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. రెండో ఆవిడ చాలా చిన్నది, ఎనభై దాటాక గానీ పోలేదు, ఆవిడ పేరు మీద రాతిపలకా ఉంది, ఉత్తరాలూ ఉన్నాయి. మొదటావిడకు సమాధి మీద రాయి కూడా మిగల్లేదు. చర్చి పుస్తకంలో పేరు, పోయిన సంవత్సరం, అంతే.

“మరి ఇప్పుడెందుకు స్కానింగు?” అన్నాను.

రెండో ఆవిడ వంశంలో ఒక కజిన్ ఇంగ్లండులో కుటుంబ చరిత్ర పుస్తకం అచ్చు వేస్తున్నాడట. ఈ ఫోటో అడిగాడు. అడిగి, ఇది రెండో భార్యదే అయ్యుండాలని, కింద ఆవిడ పేరే వేస్తానని రాశాడు. గురువారం పుస్తకం ప్రెస్సుకు వెళ్తుంది. అప్పటికి సోమవారం.

“ఆ పేరు అచ్చయితే ఇక ఈమెకు ముఖం ఉండదు. మా అమ్మ ఈ ఫోటో చూపించే, మన వంశం ఇక్కడ మొదలైందని చెప్పేది,” అంది మేడమ్.

ఆవిడ నన్ను అడిగింది స్కాన్ మాత్రమే. నాకు నోరు ఊరుకోదు. రెండేళ్ళ చదువు, వాడుకోవడానికి ఒక్క అవకాశం రాలేదు.

“వయసు నేను కట్టిస్తాను మేడమ్,” అన్నాను.

భూతద్దం తీశాను. అట్ట పల్చగా ఉంది. మూలలు సూటిగా ఉన్నాయి. వెనక ఫోటోగ్రాఫరు పేరు, ఊరు, రెండే వరసలు. అరవైల మొదట్లోది, అనుమానం లేదు. మొదటావిడ పోయిన సంవత్సరం అడిగాను. యాభైల మొదట్లో. మన దేశంలో సిపాయిలు తిరగబడ్డానికి కూడా ముందు. అప్పటికి ఇంగ్లండులో ఈ రకం కార్డే పుట్టలేదు. అరవైల్లో రెండో ఆవిడ వయసెంతని అడిగాను. ఇరవై ఆరో, ఏడో. ఫోటోలో మనిషికి సరిపోయింది.

“మీ కజిన్ చెప్పిందే నిజం మేడమ్. ఇది రెండో ఆవిడే,” అన్నాను. డాక్టర్లు ఎక్స్‌రే పైకెత్తి చెప్పే గొంతుతో చెప్పాను. అది నాకు ఇప్పటికీ గుర్తుంది, మరిచిపోదామన్నా కుదరడం లేదు.

మేడమ్ అట్టముక్కను ఒక పొరలో చుట్టింది. రెండో పొర చుట్టకుండానే నా ముందుకు జరిపింది. “స్కాన్ చేసి ఉంచండి, బుధవారం వస్తాను. నేను ఈ రాత్రే అతనికి రాసేస్తాను, వాదించడం ఆపేశానని,” అని లేచింది. తలుపు దగ్గర ఆగి థాంక్స్ చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది.

నిజానికి నాకు అనుమానం రావలసిన సంగతులు మూడు కనిపించాయి. బట్టలు కార్డుకంటే పదిహేనేళ్ళు పాతవి. అరవైల్లో చెవులమీదికి అలా దువ్వుకునేవారు కాదు, చేతులూ అంత బిగుతుగా ఉండేవి కావు. ఉంగరం కుడిచేతికి ఉంది. వాళ్ళ పెళ్ళి ఉంగరం ఎడమచేతికి పెట్టుకుంటారు. ఆ రోజుల కార్డుల్లో మనుషుల్ని నిలువునా నిలబెట్టి పక్కన ఒక స్తంభం, వెనక ఒక తెర వేలాడదీసేవారు. ఇక్కడ స్తంభం లేదు, తెర లేదు. మూడూ చూశాను. మూడింటికీ సమాధానం చెప్పుకున్నాను.

ఆ సమాధానం మా ఊరి నుంచి తెచ్చుకున్నది. మా ఊరి స్టూడియోలో ఒక కోటు ఉండేది. బూడిద రంగు. ఫోటో దిగడానికి ఎవరొచ్చినా అదే తొడిగేవారు, లావుపాటి వాడైతే వీపు దగ్గర కుట్టు విప్పి, బక్కవాడైతే వెనకనుంచి గుండుసూదులు పెట్టి. మా నాన్న పెళ్ళి ఫోటోలో ఉన్నది అదే కోటు. మా బాబాయిదీ అదే. మా ఊరి పోస్టుమాస్టరు చనిపోయాక గోడకెక్కిందీ అందులోనే. కోటును చూసి కాలం చెప్పాలంటే మా ఊరంతా ఒకే రోజున పెళ్ళి చేసుకుని అదే సాయంత్రం పోయినట్టు తేలుతుంది. అందుకని ఫోటోలో బట్టల్ని నేను నమ్మను. ఇంగ్లీషు స్టూడియోలో కూడా ఏదో పాత రవిక తగిలించి ఉంటారనుకున్నాను. ఉంగరం, ఏదో ఒక ఉంగరం. స్తంభం, బీద స్టూడియో. కనిపించిన సాక్ష్యాన్ని అంత శ్రద్ధగా తుడిచేసినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

మర్నాడు చాచాకు ఆ కార్డు ఇచ్చాను, స్కానింగుకు ముందు దుమ్ము దులిపి ఇమ్మని. చాచా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కార్డును కిటికీ వైపు తిప్పి, పక్కకు వంచి చూశాడు.

“ఇదేంది అబ్బయా, ఇది మనిషిని తీసింది కాదే.”

“మరి దెయ్యాన్నా?”

“నీ మొహం. ఫోటోని తీసిన ఫోటో ఇది. ఏదో పాతదాన్ని ముందర పెట్టుకోని, దాన్ని తీసుండారు.”

“ఎలా చెప్తావ్?”

“ఎట్టా చెప్పేది? చూస్తే తెలస్తా ఉండాదిగా. మనిషిని తీస్తే ముక్కు ఇట్టా ముందుకొస్తది. ఇది చూడు, చపాతీ మాదిరి పరుసుకోని ఉండాది. ఇదిగో ఈడ, చుట్టూరా నీడ. ఆ పాతదానికి ఏదో చుట్టు కట్టుంటారు, దాని అంచు ఇది. నువ్వు కంప్యూటర్ పిల్లోడివి, నీకేం కనపడతది?”

“చాచా, రెండేళ్ళు చదివాను దీని గురించి.”

“చదవతానే ఉండు.”

స్కానరు మీద పెట్టి ఎంత పెద్దది చెయ్యగలదో అంత పెద్దది చేశాను. ఆవిడ భుజం పక్కన, వెనక చీకట్లో, వంకీ తిరిగిన సన్నటి గీత కనిపించింది. వెండిరేకు ఫోటోలకు చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో కోసిన ఇత్తడి రేకు పెడతారు, అది దాని అంచు. చెంప మీద, రవిక మీద, గోడ మీద ఒకే దిక్కున సన్నటి గీతలు. ఫోటో తియ్యడానికి ముందు వెండిని రుద్ది మెరుగు పెట్టినప్పుడు పడేవి. అట్ట మీద ఆ గీతలు లేవు. బొమ్మ లోపల ఉన్నాయి.

అప్పుడు ఉంగరం గుర్తొచ్చింది. వెండిరేకు మీద బొమ్మ, అద్దంలో చూసుకున్నట్టు, కుడి ఎడమలు మారి పడుతుంది. ఎడమచెయ్యి కుడిచెయ్యిలా కనిపిస్తుంది. దాన్ని మళ్ళీ ఫోటో తీస్తే ఆ తారుమారు అలాగే ఉండిపోతుంది. అది పెళ్ళి ఉంగరమే. రవిక ఆవిడదే. స్తంభం లేకపోవడానికి కారణం, రేకు అంతవరకే ఉండడం. ఆవిడ కెమెరా ముందు కూర్చున్నది కార్డు పుట్టకముందు, నలభైల చివరో యాభైల మొదటో. అప్పటికి రెండో ఆవిడ ఇంకా బడికి పోతోంది. మన లెక్కలో పరికిణీ వయసు. ముప్ఫైకి దగ్గరగా ఉన్న ఈ మనిషి ఆవిడ కావడానికి వీల్లేదు.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఏసీ నీళ్ళు బకెట్లో పడుతున్నాయి.

“ఏమయింది రా? మొహం అట్టా పెట్టినావు?” అన్నాడు చాచా.

జరిగింది చెప్పాను. కజిన్ పుస్తకం, గురువారం, నా తీర్పు, ఈపాటికి మేడమ్ రాసేసిన ఉత్తరం. చాచా కాసేపు అద్దం కోసే చెక్క తుడుస్తూ నిలబడ్డాడు.

“ఆ తల్లికి ఎంతమంది పిల్లోళ్ళు?”

“ముగ్గురు.”

“అయితే ఇట్టాంటివి మూడుండాల. తలా ఒకటి. అడిగి చూడు.”

“నీకెలా తెలుసు?”

చాచా తుడిచే గుడ్డ పక్కన పెట్టాడు. ఆయన తమ్ముడు రాస్ అల్ ఖైమాలో రాతి క్వారీలో పనిచేసేవాడు. కరోనా ఏడాది అక్కడే జ్వరంతో పోయాడు, అక్కడే పూడ్చారు. గంటన్నర దూరం, చాచాను పోనివ్వలేదు. ఇది మాకందరికీ తెలుసు, ఎవరం మాట్లాడం.

“మావోడిది ఐడీ కార్డు మీద ఉండే ఫోటో ఒకటే ఉన్నింది,” అన్నాడు. “గోరంత. దాన్నే ఫోటో తీసి పెద్దది చేసినా. మా సాయిబుల ఇండ్లల్లో గోడకు పెట్టరు, నీకు తెలుసుగదా. అయినా చేసినా. పిల్లోళ్ళు ఇద్దరికి రెండు. మూడోది అమ్మ అడిగింది, చీరల కింద పెట్టుకోనుండాది. ఒకటే ఉంటే కొట్టుకుంటారు అబ్బయా. అందుకని ఎవురైనా కాపీ తీసేది.”

నా కోటు సర్వీసు ఆయన వాడుకోలేదని నాకు అప్పుడే తెలిసింది. అడగలేదు కూడా. ఐడీ కార్డులో ఏ చొక్కా ఉందో ఆ చొక్కాతోనే ఉంచాడు.

మేడమ్‌కు ఫోన్ చేశాను. తప్పు ఒప్పుకోవడానికి ఇంగ్లీషులో నాకు ఒక్కటే మాట వచ్చు, దాన్ని నాలుగుసార్లు వాడాను. తరవాత గీత, మెరుగు, ఉంగరం వరసగా చెప్పాను. చివరికి చాచా ప్రశ్న అడిగాను, ఇలాంటి కార్డులు ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా అని.

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది.

“ఉన్నాయి. న్యూజిలాండులో ఒకటి ఉంది, పెద్దకొడుకు వంశంలో. చిన్నప్పుడు మా అమ్మ వాళ్ళ బంధువుల ఇంట్లో ఆల్బంలో ఒకటి చూశాను, వాళ్ళు మూడో బిడ్డ సంతానం. ఇది మా ముత్తవ్వది.”

“మీ కజిన్ ఇంట్లో?”

“లేదు. అందుకే కదా నన్ను అడిగాడు.” తనలో తాను గొణుక్కుంది. “మూడు. మూడే. నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు.”

చాచా నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. వెళ్ళి టీ పెట్టాడు. 

నేను మాత్రం ఊరుకోలేదు. ఒకసారి కాలిన నోరు కదా, ఈసారి తప్పించుకునే దారి ఉంచి మాట్లాడాను. “మేడమ్, రెండో ఆవిడ కాదని గట్టిగా చెప్పగలను. మొదటావిడే అని రాసివ్వలేను. వాళ్ళ అత్తో పిన్నో అయ్యుండొచ్చు.”

“పిన్ని ఫోటో ముగ్గురు పిల్లలకూ ఎవరు కాపీ తీసిస్తారు బాబూ?” అంది. ఇంగ్లీషులో ‘డియర్’ అంది. బడిలో మొద్దు పిల్లాడితో అనే డియర్.

ఆమె చెప్పినట్టు నేను ఒక పేజీ రాశాను. గీత ఉన్నచోట బాణం గుర్తు వేసి పెద్దది చేసిన బొమ్మ జతచేశాను. మంగళవారం సాయంత్రమే కజిన్‌కు పంపింది. బుధవారం పొద్దున్న మా దుకాణానికి వచ్చినప్పుడు జవాబు ఇంకా రాలేదు. కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చుంది, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని. ముదీర్ వచ్చి “ఖలాస్?” అని అడిగి వెళ్ళిపోయాడు. ఇంకో ఇద్దరు పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చి వెళ్ళారు. చాచా ఏ పనీ లేకపోయినా చెక్క తుడుస్తూనే ఉన్నాడు.

కంప్యూటర్ మీద ఆ ముఖం తెరిచే ఉంది. గోడంత పెద్దది చేశాక కనుబొమల్లో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. “ఎప్పుడూ అనుకునేదాన్ని, ఈవిడకు తెలుసేమో, ఎక్కువ రోజులు ఉండనని,” అంది మేడమ్.

అలా కాదని చెప్పాను. ఆ రోజుల్లో బొమ్మ పడడానికి చాలాసేపు పట్టేది, తల కదలకుండా వెనక ఇనుప పట్టు పెట్టేవారు, అంతసేపు ఎవరూ నవ్వు పట్టుకుని కూర్చోలేరు. మెడ నొప్పి అయ్యుంటుందని చెప్పాను. 

మేడమ్ తెర దగ్గరికి వంగింది. “మెడ నొప్పి,” అంది మెల్లగా. కళ్ళు తుడుచుకుంది. అంతకుముందు ఆవిడ బాధపడుతోందనుకున్నాను గానీ, ఆ మాట తరవాతే ఏడ్చింది. ఎవరో ఒక మనిషి కుర్చీలో కూర్చుని మెడ నొప్పితో విసుక్కుందన్న సంగతి ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. నేను కాగితాల ట్రే సర్దాను. అందులో సర్దడానికి ఏమీ లేదు.

పదకొండు దాటాక ఫోన్ మోగింది. మెయిలు. ఆవిడ కళ్ళద్దాలు మార్చుకుని చదివింది. పేజీలన్నీ కట్టేశారట, కొత్తగా ఏమీ చేర్చడానికి లేదు. ఫోటో కింద వరస మాత్రం మారుస్తాడట. రెండో భార్య పేరు తీసేసి, ‘బహుశా మొదటి భార్య, పాత చిత్రానికి నకలు’ అని వేసి, మొదటావిడ పేరు రాస్తాడట.

“బహుశా!” అన్నాను. నాకే కోపం వచ్చింది, అంతకుముందు ఆ మాట చెప్పింది నేనే అయినా.

“పేరు ఉంది కదా,” అంది మేడమ్.

చాచాకు తెలుగులో చెప్పాను. చాచా కార్డును రెండు పొరల్లోనూ చుట్టి రెండు చేతులతో ఇచ్చాడు. మేడమ్ లేచి నిలబడి అందుకుంది. వాళ్ళిద్దరికీ ఉమ్మడిగా ఒక్క భాషా సరిగ్గా రాదు. ఆవిడ ఏదో అంది, ఆయన ఏదో అన్నాడు, ఇద్దరూ తలలూపారు. అనువాదం చెయ్యమని ఎవరూ నన్ను అడగలేదు.

తరవాత ఆవిడ ఒక పెద్ద ప్రింటు కావాలంది, ఇంట్లో గోడకు పెట్టుకోవడానికి. ఫోటో చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో కోసిన అట్ట మౌంటు, సన్నటి చెక్క ఫ్రేము. చాచా టేపు తీసి కొలత రాసుకున్నాడు. ఆ సైజు మా దగ్గర రెడీగా ఉండదు, ఆర్డరు మీద కట్టాలి. మూడు పనిదినాలు పడుతుంది. శని, ఆదివారాలు లెక్కలోకి రావు.